పల్లానికి పోయేవి రెండు

మా పెరట్లో నిమ్మచెట్టు వంటింటి గోడ పక్కనే ఉంటుంది గానీ, రాలిన కాయలు ఎన్నడూ దాని మొదట్లో దొరకవు. రాత్రి రాలినవి తెల్లారేసరికి దొర్లుకుంటూ పోయి ఈశాన్యం మూల, కింది ఇంటి పిన్ని అరటి పాదుల పక్కన చేరి ఉంటాయి. అంట్లు తోమిన నీళ్ళదీ అదే దారి, బట్టలుతికిన నీళ్ళదీ అదే దారి. కుర్చీ వేసుకుని పేపరు చదువుకుందామంటే ఏదో ఒక కాలి కింద పెంకుముక్క పెట్టాలి. ఉక్కునగరం క్వార్టర్లో పెరిగిన వాణ్ణి, నేలంటే బల్లపరుపుగానే ఉంటుందని అలవాటు పడ్డవాణ్ణి. పద్మనాభం కొండ పాదాన ఈ స్థలం చూసినప్పుడు వాలే ముచ్చటేసింది. కాపురం పెట్టాక ముచ్చట తగ్గి యావ మొదలైంది. పెరడంతా చదును చేయించి, చుట్టూ మనిషి ఎత్తు దాటిన కంచె ఏదైనా వేయించేస్తే ఎలా ఉంటుంది? కుర్చీ కుదురుగా నిలబడుతుంది, పాత లుంగీలో తిరిగినా అడిగేవాడుండడు. ఇంతకన్నా చిన్న కోరికలు ఇంటిగలవాడికి ఏముంటాయి? ఈ రెండూ ఒకదానికొకటి గిట్టనివని మేస్త్రీ వచ్చి లెవెల్ పైపు పట్టిన రోజున తేలింది.

లెవెల్ పైపంటే పెద్ద యంత్రమేం కాదు. సన్నటి ప్లాస్టిక్ గొట్టం, దాని నిండా నీళ్ళు. ఒక కొస ఇంటి అరుగు దగ్గర మేస్త్రీ పట్టుకున్నాడు, రెండో కొస చివరి గట్టు మీద ఆయన వెంట వచ్చిన కుర్రాడు. లోపల గాలి బుడగ చిక్కుకుంటే లెక్క తప్పుతుందని గొట్టాన్ని పొడుగునా వేళ్ళతో తట్టుకుంటూ వచ్చారు. నీరు ఊగి ఊగి నిలకడకి వచ్చాక అటూ ఇటూ ఒకేసారి గీత గీశారు. కుర్రాడు గీత పెట్టిన కర్ర చూస్తే గీత వాడి ఛాతీ దాకా ఉంది. కంటికి రెండడుగులనిపించే వాలు నాలుగడుగులు తేలింది, నలభై అడుగుల పొడవులో. వెడల్పు ముప్ఫై. పల్లమంతా బయటి మట్టితో నింపితే 2,400 ఘనపుటడుగులు, అంటే 24 యూనిట్ల గ్రావెల్. అలా కాక పైసగం తవ్వి ఆ మట్టినే కిందసగం మీద పరిస్తే కదపాల్సింది 600 అడుగులే, ఆరు యూనిట్లు; బయటి నుంచి ఒక్క తట్ట కూడా తేనక్కర్లేదు. లెక్క ఇంత చక్కగా కుదిరితే నాకెప్పుడూ అనుమానమే. ఇంటి పునాది పక్కన రెండడుగుల లోతు తవ్వాలన్నమాట కాగితం మీద కనబడదు. పోసిన మట్టిని అరడుగు అరడుగు మందాన పరిచి, తడిపి, దిమ్మిస కొట్టకపోతే మొదటి వానకే కుంగుతుందన్నదీ కనబడదు.

అసలు చిక్కు అది కూడా కాదు. కింది కొసన నేల నాలుగడుగులు లేచిందనుకోండి. అక్కడ నిలబడితే నా కన్ను పిన్ని నేలకి తొమ్మిది అడుగుల ఎత్తున ఉంటుంది. ఆవిడ ప్రహరీ అయిదడుగులు. ఆవిడ నూతి గట్టు, దండెం, అరుగు మీద ఎండబెట్టిన వడియాలు, మధ్యాహ్నం ఆవిడ వేసుకునే నులకమంచం, అన్నీ నా పెరట్లో భాగాలైపోతాయి. మర్యాదస్తుణ్ణి కాబట్టి నేను చూడననుకోండి. చూడగలనన్న సంగతి ఆవిడకి తెలిస్తే చాలదా, మంచం లోపలికి పోవడానికి? పోనీ చాటు కోసం ఆ కొసన ఆరడుగుల గోడ ఎత్తితే అది నాకు ఆరడుగులు, ఆవిడకి పదడుగులు. పొద్దుటెండ నాకు పోతుంది, సాయంత్రపుటెండ ఆవిడకి పోతుంది. అలా కాక తవ్వి పరిచే పద్ధతికే పోతే, పైవైపు తవ్విన చోట నేను రెండడుగులు దిగిపోతాను కనక పై ఇంటి మాస్టారి కిటికీ నా నెత్తి మీదికి వస్తుంది. వాలు నేల మీద ఉన్నన్నాళ్ళూ ముగ్గురం తలో కాస్త కనబడుతూ, తలో కాస్త చాటుగా ఉన్నాం. చదును చేయడమంటే ఒకరి కన్నా ఎత్తెక్కడం, ఇంకొకరి కన్నా దిగిపోవడం. నీరు పల్లమెరుగు అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. చూపు కూడా పల్లమెరుగునన్న మాట ఎవరూ అనలేదెందుకో.

ఎవరి నుంచి దాక్కోవాలి అసలు? కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీ మాధవస్వామి. మధ్యలో వెయ్యికి పైగా మెట్లు. సగం మెట్లెక్కి ఆయాసం తీర్చుకునే చోట నిలబడితే మా వీధి వీధంతా కనిపిస్తుంది. ఓసారి అక్కడ్నించి మా పెరడు పోల్చుకున్నాను. బోర్లించిన నీలం బకెట్టు, దండెం మీద తువ్వాలు, తుప్పు పట్టిన సైకిలు. పక్కన కూర్చున్న ఎవరో కుటుంబం పులిహోర పొట్లాలు విప్పుకుంటూ అటే చూస్తున్నారు. వాళ్ళకి అది ఎవరి బకెట్టయితేనేం? నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. పదడుగులు కాదు, పాతికడుగుల గోడ ఎత్తినా కొండ మీంచి చూసేవాడికి అదొక గీత. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు కూడా ఎగిరాయి, వాటికి గోడలు అడ్డమా? అయినా ఆ యాత్రికుల చూపు, ఆ డ్రోను చూపు నన్ను రెండో రోజు బాధించలేదు. పిన్ని ప్రహరీ మీదుగా ‘ఏటి బాబూ, ఈరోజు సెలవేటి?’ అని నవ్వుతూ అడిగితే మాత్రం బనీను సర్దుకుంటాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళు వెయ్యిమంది చూసినా పట్టదు, రేపు మళ్ళీ ఎదురుపడి కూర బాగుందా అని అడిగే ఒక్క మనిషి చూస్తే పడుతుంది. చాటు కావాలనుకునేది అపరిచితుల నుంచి కాదేమో.

ఈ కొండ కిందనే 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యంతో తలపడి ప్రాణాలు విడిచాడు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన ముందు ఆ పోరు గంటసేపు కూడా సాగలేదంటారు. పేష్కష్ అనే కప్పం బకాయిలు, ఎవరి నేల మీద ఎవరి పెత్తనమన్న పట్టుదల. అటువంటి ఊళ్ళో కూర్చుని నేను నాలుగడుగుల వాలు గురించి నిద్ర మానుకోవడం ఏమంత గొప్పగా లేదు. కానీ నేల గొడవలు ఎప్పుడూ ఎకరాల్లోనే ఉంటాయా? మన కోర్టుల్లో జానెడు గట్టు కోసం నడిచే వ్యాజ్యాలకు లెక్కుందా?

చట్టం ఏమంటుందోనని తిరగేశాను. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మొట్టమొదట అమల్లోకి వచ్చిన ప్రాంతాల్లో మన మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. అందులో పొడి పొడి సెక్షన్ల కింద ఉదాహరణలు ఇచ్చారు. వాటిలో ఊరి వాసన ఉంటుంది. పక్కింటివాళ్ళ చాటు చెడేలా కొత్త కిటికీ పెట్టకూడదన్న ఆచారం ఏ ఊళ్ళోనైనా ఉంటే దాన్ని హక్కుగా ఒప్పుకుంటుంది. ఆ చట్టం ఇంకా పాకని అలహాబాదులో కూడా 1888లో హైకోర్టు ముందుకు అలాంటి తగాదాయే వచ్చింది. పొరుగువాడి కొత్త వరండా నుంచి తమ ఆడవాళ్ళు మెలిగే చోటు కనబడుతోందని ఒకరు వెళ్ళారు. ఆచారంగా వస్తున్న చాటుకి ఆ కోర్టు విలువ ఇచ్చింది. అక్కడి నుంచి సుప్రీంకోర్టులో 1962 ఖరక్ సింగ్ కేసుకి వస్తే, అర్ధరాత్రి తలుపు తట్టే పోలీసుల సంగతి. గోప్యత రాజ్యాంగమిచ్చిన హక్కు కాదని ఎక్కువమంది జడ్జీలు అంటే, మన రాజమండ్రి మనిషి కోకా సుబ్బారావు గారు కాదు, అది వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని వేరే తీర్పు రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఆయన దారికే వచ్చారు. ఆ తొమ్మిదిమందిలో కృష్ణా జిల్లా వారైన జాస్తి చలమేశ్వర్ గారూ ఉన్నారు. ఇంత పెద్ద మాటలు చదివాక నా దండెం మీద తువ్వాలుకి రాజ్యాంగ రక్షణ దొరికినట్టు కాసేపు ఛాతీ ఉబ్బిన మాట నిజం. అయితే ఆ హక్కు పిన్ని నులకమంచానికీ ఉంటుంది కదా? మట్టి పోసి ఎత్తెక్కేది నేను. అర్జీ పెట్టుకోవలసి వస్తే పెట్టేది ఆవిడ.

ఆ ఈజ్‌మెంట్ల చట్టంలోనే మరో రెండు ఉదాహరణలు నన్ను ఇంకా ఎక్కువసేపు ఆపేశాయి. పక్క నేల ఆసరాగా నా నేల నిలబడి ఉంటే ఆ ఆసరా తీసేసే హక్కు పక్కవాడికి లేదు. పై నేల మీద పడ్డ వాన, కాలవ లేకుండా తనంత తాను కిందికి పోతుంటే, కింది నేలవాడు అడ్డుపెట్టకూడదు. అంటే నా వాన పిన్ని పెరట్లోకి పోవడం నా హక్కే. కానీ అది ఇప్పటిలా పెరడంతా పరుచుకుని, మెల్లగా ఇంకుతూ పోయే వాన. గోడ కట్టి, ఓ మూల బెజ్జం పెట్టి, ఒక్క ధారగా ఆవిడ పాదుల మీదికి వదిలితే అది తనంత తాను పోయే నీరు అవుతుందా? తుపాను రోజున పది సెంటీమీటర్ల వాన మాకు వింత కాదు. ఆ పెరటి మీద పది సెంటీమీటర్లంటే దాదాపు 11 వేల లీటర్లు, రెండు ట్యాంకర్ల పైచిలుకు. బెజ్జం పెట్టకపోతే ఆ నీరంతా మట్టిలో దిగి గోడ వెనక నిలబడుతుంది. మట్టి తోపుడు గోడ ఎత్తుతో పాటు పెరగదు, దాన్ని మించి పెరుగుతుంది: ఎత్తు రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. నీరు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. మేస్త్రీ ఇంత లెక్క చెప్పలేదు. ‘గోడ కట్టీడం ఎంతసేపు బాబూ. నీటికి దారి ఒగ్గకపోతే అదే దారి సేసుకుంతాది’ అన్నాడు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకి ఆ మాట వేరే విడమరచనక్కర్లేదు. గట్టిగా అతుక్కోని ఎర్ర ఇసుకని వాననీరు వేల ఏళ్ళుగా కోసుకుంటూ పోయిన లోయలవి. సినిమావాళ్ళకి అందం, నాకు ఇప్పుడు హెచ్చరిక.

కంచెల సంగతికి వస్తే, ఈమధ్య ఏ రోడ్డున పోయినా ప్రీకాస్ట్ గోడలే. స్తంభాలు పాతి, వాటి గాడిలోకి సిమెంటు పలకలు దించేస్తారు. పొద్దున్న ఖాళీ స్థలం, సాయంత్రానికి ప్రహరీ. సమతలం మీద బాగానే ఉంటుంది. వాలు మీదికి వచ్చేసరికి పలకలు మెట్లు మెట్లుగా దిగుతాయి, ప్రతి మెట్టు కిందా ఖాళీ మిగులుతుంది, కుక్కలు ముందు కనిపెట్టేది ఆ ఖాళీనే. రేకులు కొట్టిస్తే చవక, ఎండకి పొయ్యి. చైన్ లింకు జాలీకి ఆకుపచ్చ నెట్ కడితే చాటూ ఉంటుంది, రెండు వేసవులకి చిరుగుతుంది. యాష్ ఇటుకల గోడ అన్నిటికన్నా గట్టి. గట్టిదనం మీద నాకు 2014 అక్టోబరు 12 నుంచి నమ్మకం సడలింది. ఆ రోజు హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచినప్పుడు విశాఖలో పొడవాటి ప్రహరీలు ఎన్ని బారుకి బారు పడుకున్నాయో చూశాం. సందులున్న అడ్డు గాలిని వడపోస్తుంది. సందులేని గోడ దాన్ని పైకి ఎగదోసి వెనకవైపు సుడి తిప్పుతుంది. అందుకే తీరం పొడుగునా సరుగుడు తోటలు పెంచారు గానీ గోడలు కట్టలేదు. మా బావ ఈ చర్చలో వాస్తు తెచ్చాడు. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం, నీకు దేవుడిచ్చిన వాలది, చదును చేస్తే నీ ఖర్మ అన్నాడు. ప్రహరీ కూడా దక్షిణం, పడమరల్లో ఎత్తుగా, ఈశాన్యంలో తక్కువగా ఉండాలట. చాటు కావలసింది సరిగ్గా ఆ మూలనే. వాస్తుని పెద్దగా పట్టించుకోను గానీ, కింది ఇంటి మీదికి ఎత్తెక్కొద్దన్న మాట ఏ రూపంలో చెప్పినా మంచిదే కదా అనిపించింది.

చిన్నప్పుడు మామ్మగారింట్లో తాటాకు దడి ఉండేది. ఏటా సంక్రాంతి ముందు పాతది పీకి కొత్తది కట్టేవారు. తాటిమట్టలు వరసగా నిలబెట్టి, రెండు వైపులా అడ్డంగా వెదురు బద్దలు పెట్టి, మధ్య నుంచి తాడు లాగి బిగించడం. తాడు ఇవతల్నించి గుచ్చితే అవతల ఒకరు అందుకుని, బద్ద చుట్టూ తిప్పి, మళ్ళీ ఇవతలికి తోయాలి. ఒక్క మనిషి అటూ ఇటూ పరిగెడితే దడి చుట్టి రావడానికే పొద్దు పోతుంది. అందుకని దడి కట్టే రోజున పక్కింటివాళ్ళు అటువైపు కూర్చునేవారు. మా వైపు నుంచి మామ్మ, వాళ్ళ వైపు నుంచి సూరమ్మత్త, తాడుతో పాటు మాటలూ అటూ ఇటూ. ‘గట్టిగా లాగు వదినా’ అనే కేక నాకిప్పటికీ వినబడుతుంది. వాళ్ళిద్దరికీ ఏడాదిలో ఆరు నెలలు మాటలుండేవి కావు. దడి రోజుకి మాత్రం ఎలాగో కలిసేవి. దడిలోంచి మనిషి కనబడడు, గాలి వస్తుంది, నీరు పోతుంది, కోడిపిల్ల దూరుతుంది. ఇదంతా అందంగా చెప్పుకోవచ్చు గానీ, చెదలు, తేళ్ళు, వేసవిలో నిప్పు భయం కూడా ఆ దడివే. తాటాకులు కొట్టించే మనిషిని ఇప్పుడు ఎక్కడ వెతకను? అయినా దానిలో ఒక గుణం ఉంది: ఏడాదికోసారి పాడైపోయేది. ఏడాదికోసారి హద్దు ఎక్కడో ఇద్దరూ కలిసి చూసుకోవలసి వచ్చేది.

సవరల కొండ పొలాలు గుర్తొచ్చాక ఆలోచన ఓ దారికి వచ్చింది. సీతంపేట వైపు వెళ్ళినప్పుడు చూశాను. కొండవాలు మీద మెట్లు మెట్లుగా మళ్ళు, ప్రతి మడికీ రాతి గట్టు. కొండనంతా చదును చేద్దామని ఎవరూ అనుకోలేదు. వాలు ఎంత ఇస్తే అంత వెడల్పు మడి. పై మడిలో నిండిన నీరు గట్టు కోసుకోకుండా రాళ్ళ మీదుగా కింది మడిలోకి దిగుతుంది. ఆ పద్ధతిని మా పెరటికి తెస్తే? ఒకే చదును కాకుండా రెండు మెట్లు, ఒక్కోటి ఇరవై అడుగులు. అప్పుడు తవ్వాల్సింది మూడు యూనిట్లే, మొదటి లెక్కలో సగం. మధ్యలో రెండడుగుల రాతి గట్టు, దాని కింద వాన ఇంకడానికి కంకర కాలవ. పిన్ని వైపు నేల లేచేది ఒక్క అడుగు. నాలుగడుగుల మట్టిని ఆపే గోడ మీది తోపుడులో ఇది పదహారో వంతు. చదును కూడా పూర్తిగా చదును కాదు, నీరు కదిలేటంత వాటం మిగలాలి. కుర్చీ కింద పెంకుముక్క అక్కర్లేనంత చాలు.

ఆ అడుగు గట్టు మీద ఇటుక బదులు మొక్కలు పెడితే చాటు ఎదిగి వస్తుంది. గోరింట త్వరగా వస్తుంది, కత్తిరిస్తూ ఉండాలి. వాక్కాయకి ముళ్ళూ ఉన్నాయి, పప్పులోకి కాయలూ ఉన్నాయి. కాంగ్రెసు పుట్టుకకి కారకుడైన ఏ.ఓ. హ్యూమ్ అంతకుముందు సుంకాల శాఖలో ఉండగా, ఉప్పు దొంగరవాణా ఆపడానికి ఉత్తరదేశంలో వందల మైళ్ళ ముళ్ళకంచె పెంచే పని చూశాడు. వాక్కాయ, రేగు, తుమ్మ, జెముడు వాడారట. రాయ్ మోక్సమ్ అనే రచయిత దాన్ని వెతుక్కుంటూ వచ్చి 2001లో పుస్తకం రాశాడు. ఆ కంచెని 1879లో వదిలేశారు. గట్టు జారకుండా మొదట్లో వట్టివేరు వరస వేయమన్నాడు మేస్త్రీ. మైసూరు దగ్గర గుండ్లుపేట రైతులు తరాలుగా పొలం హద్దుల్లో దాన్ని నాటుకునేవారు. 1980ల్లో ప్రపంచ బ్యాంకు నిపుణులు చూసి దేశదేశాలకీ చెప్పారు. వేరు పక్కకి పాకదు, పక్కవాడి పంట తినదు, నిలువునా మనిషిని మించిన లోతుకి దిగుతుంది. హద్దు మీద ఉండవలసిన బుద్ధి.

ఇదంతా పిన్నికి చెప్పాను, ప్రహరీ మీదుగానే. ఆవిడ హ్యూమ్‌నీ సుబ్బారావు గారినీ ఏం పట్టించుకోలేదు. ‘నీ నీరు ఆపీకు బాబూ, ఏసంగిలో నా అరటికి అదే ఆధారం’ అంది ముందు. నేను ఇన్నాళ్ళూ అంట్ల నీళ్ళు ఆవిడకి తలనొప్పి అనుకుంటూ సిగ్గుపడుతుంటే! తర్వాత వాక్కాయ ముళ్ళు తన వైపు రాకుండా ఎవరు కత్తిరిస్తారని అడిగింది. నేనే అన్నాను. ‘నా దొడ్లోకొచ్చా?’ అంది. రాకుండా ఎలా? అడుగు గట్టుకైనా బయటి మొహం ఉంటుంది, రాళ్ళ సందులు సిమెంటుతో పూడ్చి పూత వేయాలంటే మేస్త్రీ ఆవిడ అరటి పాదుల్లో నిలబడాలి. చాలామంది అందుకే లోపలివైపు నున్నగా చేసుకుని పక్కింటికి మొండి ఇటుక వదిలేస్తారు. అవతలి పూత ఖర్చెవరిదన్నది ఇంకా తేలలేదు. గెల వేసిన చెట్టు ఒకటి ఉంది, అది కోశాకే మనుషుల్ని దించమంది; ఈలోగా కార్తీకంలో కొండ మెట్ల మీద దీపాలకి వాళ్ళ చుట్టాలొస్తారు, అప్పుడు మట్టి పని వద్దంది. మేస్త్రీ అడ్వాన్సు పట్టుకెళ్ళాడు.